బండి యెఱిగినది వైద్యు డెఱుగడు

2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదు నగరమున 108 అంబులెన్సు సేవ ప్రారంభమైనది. నేడు తెలుగునాట ఆ మూడంకెలు ఎఱుగని బిడ్డ లేడు. మన గడ్డపై పుట్టిన యీ యేర్పాటును దేశములోని పెక్కు రాష్ట్రములు స్వీకరించినవి. నడిరేయి నొప్పులు వచ్చిన తల్లిని, రహదారిపై నెత్తురోడుచు పడియున్న బాటసారిని, కులగోత్రములు అడుగక, కాసు కోరక, కొనిపోవు బండి యిది. దీనిని చూచి మనము గర్వించుట న్యాయమే. కాని గర్వము కన్నులను మూయరాదు. ఈ బండికి ఒక లోపము కలదు. అది చక్రములలో లేదు. నడుపువాని నేర్పులో లేదు. రాత్రింబవళ్లు శ్రమించు సహాయకుని శ్రద్ధలో లేదు. బండికిని ఊరి వైద్యునికిని నడుమ మాట లేదు. అదియే లోపము.

బండిలోని వైద్య సహాయకుడు రోగి నాడి చూచును. రక్తపు పోటు కొలుచును. నెత్తుటిలోని చక్కెర పరీక్షించును. ఏ వేళకు ఏ మందు ఇచ్చెనో వ్రాసి యుంచును. ఆ వ్రాత రోగిని దింపిన యాసుపత్రిలో నిలిచిపోవును. లేదా సేవను నడుపు సంస్థ లెక్కలలో చేరును. ఆ రోగిని పిమ్మట నెలనెలయు చూడవలసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరునకు అది చేరుట మన యూళ్లలో నియమము కాదు. చేరినచో రోగి యదృష్టము. ఇక ఆ డాక్టరు ఏండ్ల తరబడి ఎఱిగిన సంగతులు, అనగా రోగి మ్రింగు మాత్రలు, వానికి పడని మందులు, పాత వ్యాధులు, బండి వచ్చిన గడియలో సహాయకునికి తెలియవు. ఎవరికి వారే యమునాతీరే!

దీనివలని హాని ఊహామాత్రము కాదు. మధుమేహమునకు మాత్రలు వాడు వృద్ధు డొకడు ఉదయమున మాత్ర వేసికొని, అన్నము మాని, పొలమునకు పోయె ననుకొందము. చక్కెర పడిపోవును, ఒడలు చెమర్చును, మాట తడబడును, కూలబడును. చూచినవారు త్రాగినాడందురు. 108 వచ్చును. సహాయకుడు వ్రేలు పొడిచి చూచి గ్లూకోజు ఎక్కించును. కొంతసేపటికి వృద్ధుడు లేచి కూర్చుండి, తన కేమియు లేదనియు, ఆసుపత్రికి రాననియు చెప్పును. బండి వెడలిపోవును, అందఱకును సంతోషము. కాని యా యాపదకు కారణమైన మాత్ర ఆతని యింటిలోనే యున్నది. వచ్చు నెల డాక్టరు అదే మాత్రను అదే మోతాదున మరల వ్రాయును. ఆయన దోషి కాడు; ఆయనకు చెప్పినవారు లేరు. రెండవ మాఱు పడునపుడు వృద్ధుడు ఒంటరిగా నుండవచ్చును, లేవకయు పోవచ్చును.

మఱియొక చోటు చూడుడు. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము మూత్రపిండముల వ్యాధికి పేరుపడి, పండితులకు పరిశోధనా విషయమైనది. ప్రజల మొఱ చిరకాలము సాగిన మీదట 2023 డిసెంబరులో పలాసయందు కిడ్నీ పరిశోధన కేంద్రమును, ఆసుపత్రియు వెలసినవి. డయాలసిసు రోగికి ఒక చేతిలో నరములు కలిపి దారి చేసియుందురు. ఆ చేతికి సూది గ్రుచ్చరాదు. రక్తపు పోటు పట్టీ బిగింపరాదు. ఆతనికి సెలైను మితిమీరి యెక్కించినచో ఊపిరితిత్తులలో నీరు చేరును. నొప్పులకు సామాన్యముగ నిచ్చు మందులు కొన్ని ఆతని మూత్రపిండములకు చేటు. స్పృహ యున్న రోగి యీ సంగతులు చెప్పుకొనును. స్పృహ లేనివాని పక్షమున చెప్పున దెవరు? ఊరి వైద్యు డెఱుగును. ఆయన యచట లేడు. సహాయకు డచట నున్నాడు, ఆతనికి తెలియదు. నెత్తురు గడ్డకట్టకుండ మందు వాడువాని తలకు దెబ్బ తగిలినప్పుడును, పెన్సిలిను పడనివానికి చికిత్స ఆరంభమైనప్పుడును కథ యిదియే.

ఈ రెండు చేతులును కలుపుటకు సాధనములు లేవా యన్నచో, ఉన్నవి. 2020 జులై 1వ తేదీన విజయవాడ బెంజి సర్కిలువద్ద 108 బండ్లును, 104 సంచార వైద్యశాలలును కలిసి 1,088 వాహనములు ఒక్కపెట్టున బయలుదేరినవి. ఒక కూడలినుండి ఒకేనాడు బయలుదేరిన బండ్లు! ఒకదాని మాట వేఱొకదానికి వినబడవలదా? 2023 ఏప్రిల్ 6వ తేదీన పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టరు పథకము ఆరంభమైనది. వైద్యుడే పల్లెకు పోయి, ఒకే ఊరి జనులను మరల మరల చూచి, వారి వ్యాధుల చరిత్ర నెఱుగవలె నన్నది దాని సారము. ప్రభుత్వములు మాఱిన కొలది పథకముల పేరులు మాఱుచుండును. రోగము మాత్రము పేరు మార్చుకొనదు. ఊరివారి చరిత్ర నెఱిగిన వైద్యుడు కావలె నన్న సూత్రము మంచిది. ఆ చరిత్రలో మిక్కిలి ముఖ్యమైన పుట, రోగి ప్రాణము కొట్టుకలాడిన నాటి పుట, వైద్యునికి చేరనిచో ఆ సూత్రము సగమే నెఱవేఱినట్లు.

రోగి సంగతులు రహస్యములు గదా, అట్లు పంచుకొనవచ్చునా యని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. రహస్యరక్షణను మేమును కోరుచున్నాము. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముతో గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు శిరోధార్యము. కాని రహస్యము వైద్యమునకును పరులకును నడుమ నిలువవలసిన గోడ. ఒకే రోగి నాడి పట్టిన యిద్దఱి నడుమ గోడ కాదు. దశలవారీగ అమలునకు వచ్చునట్లు 2023లో చేయబడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును, ప్రాణాపాయము గల వైద్యావసరమున ప్రత్యేకానుమతి లేకయే సమాచారమును వినియోగింపవచ్చునని తన 7వ విభాగమున చెప్పుచున్నది. కావున చట్టము అడ్డమనుట నిజము కాదు; సోమరితనమునకు చట్టమును ముసుగుగా వేయుట మాత్రమే.

ఇంకొక తెగవారు దీనికి విరుద్ధముగ, దేశప్రజల వ్యాధు లన్నింటిని ఒకే రాశిగా పోయుదము, పిమ్మట ఉపయోగములు వెదకుదము అందురు. వారిని మఱింత గట్టిగ ఎదిరింపవలెను. ఇంగ్లాండు దేశమున కేర్ డాటా యను పథకము 2013లో ఇట్టి యాశతోనే తలయెత్తినది. కుటుంబ వైద్యుల లెక్కలు ఎవరెవరి చేతుల కేగునో తెలియక జనులు కలతపడగా 2014 ఫిబ్రవరిలో అది నిలుపబడినది. 2016 జులైలో మూతపడినది. ఆ దేశముననే, రోగి వాడు మందులు, పడని మందులు, వానివలని వికారములు, ఇంతమాత్రమే మొదట చేర్చిన సంక్షిప్త పత్రము నిలిచినది. స్కాట్లండునను అత్యవసరమునకై యిట్టి చిన్న పత్రమే కలదు. స్పృహగల రోగి నడిగియే దానిని చూడవలెను. ఇందలి నీతి స్పష్టము. ప్రయోజన మెఱిగి పంచిన కొంచెము నిలుచును. ప్రయోజనము చెప్పక పోగుచేసిన రాశి కూలును. రాశి పెరిగినకొలది దొంగకును ఆశ పెరుగును. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్సు కంప్యూటర్లపై దాడి జరిగి, అంతటి యాసుపత్రి కొన్ని దినములు చేతివ్రాతతో నెట్టుకొనవలసి వచ్చినది గదా!

మన పల్లెలలో వ్యాధి బయటపడుట యన నేమో పట్టణములందలి యధికారులకు తెలియవలెను. క్షయ యన్న మాట పొక్కినచో పెండ్లి సంబంధము తప్పును. హెచ్ఐవి యన్నచో కూలి పని పోవును. కావుననే మేము కోరునది స్వల్పము. వైద్యుని యొద్దనుండి బండికి: వాడు మందులు, పడని మందులు, ఆపద్వేళ తెలియదగిన దీర్ఘవ్యాధి, ఆప్తుని టెలిఫోను. బండినుండి వైద్యునికి: ఏమి జరిగెను, ఏమి కనుగొనిరి, ఏమి యిచ్చిరి, ఎచట దింపిరి. ఇంతకు మించి యొక యక్షరము వలదు. బీమా వ్యాపారికి గాని, మందుల వర్తకునికి గాని, పనియిచ్చు యజమానికి గాని అది పోరాదు. ఎవరు చూచిరో, ఎప్పుడు చూచిరో వ్రాత యుండవలెను. ఆ వ్రాతను రోగి అడిగి చూడగలుగవలెను.

కంప్యూటర్లు సిద్ధమగువఱకు ఆగుడని చెప్పువారును కలరు. 2021 సెప్టెంబరు 27వ తేదీన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటను ఆరంభమైనది. 14 అంకెల సంఖ్య యొకటి యిచ్చుచున్నారు. మంచిదే. కాని అంకె యిచ్చినంత మాత్రమున ఆరోగ్యము రాదు. సొమ్మసిల్లిన మనిషి 14 అంకెలు అప్పగింపలేడు. ఫోనుకు వచ్చిన సంకేతమును చదివి చెప్పలేడు. అనుమతి అడుగవలసిన వేళ ఆపద్వేళ కాదు. నెమ్మదిగా కూర్చుండి యున్నపుడు, ఊరి వైద్యుడు తెలుగున విప్పి చెప్పి, ముందే అడుగవలెను. అంతవఱకు కాగితము చాలును. గర్భిణీ స్త్రీకి మాతాశిశు సంరక్షణ కార్డు ఇచ్చుచున్నారు. ఆమె దానిని చేతబట్టుకొని బండి యెక్కుచున్నది. గర్భిణికి సాధ్యమైనది మధుమేహికిని డయాలసిసు రోగికిని ఎందు కసాధ్యము?

108ని నడుపు సంస్థలు ఒప్పందములతో వచ్చును, ఒప్పందములతో పోవును. రోగి చరిత్ర వారి మూటతోపాటు పోరాదు. కావున ఒప్పందపు పత్రమునందే వ్రాయుడు: ఈ లెక్క రోగిది, ఒకదినములోపల ఆతని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేరవలెను, తెలుగున వ్రాసిన నకలొకటి ఆతని చేతి కీయవలెను, అమ్మినవాడు శిక్షార్హుడు. నాలుగు పంక్తులే! ఈ నాలుగు పంక్తులను వ్రాయుటకు ధనము వలదు, సంఘములు వలదు, విదేశయాత్రలు వలదు, సంకల్పము చాలును.

పఠనాలయములలో ఈ పుటను చదువు పౌరులకు మా మనవి యొక్కటే. మీ శాసనసభ్యుడు క్రొత్త బండికి పచ్చజెండా యూపుటకు వచ్చినపుడు చప్పట్లు కొట్టుడు. దాని ఖరీదు అడుగుటతో ఊరకుండక, ఆ బండి మా యూరి డాక్టరుతో మాటాడునా యని యడుగుడు. ఆతడు జవాబు చెప్పువఱకు అడుగుడు. బండి వేగముగా వచ్చుట సగము పని. తెలిసి వచ్చుట, తెలిపి పోవుట తక్కిన సగము. ఆ సగము ఏ ప్రభువు దయయు కాదు, ప్రజల హక్కు.