ఇత్తడి పగిలేది ఊరికే కాదు: పంపు సామాన్లు ఎరువుల గదిలో పెట్టొద్దు

శనగకు మందు కొట్టే కాలం వస్తానే మనకాడ ఒక మాట వినబడతాది. "పోయినేడు కొన్న స్ప్రేయర్ గన్ను, కొట్టంలో పెట్టింది పెట్టినట్టే ఉండాది, తీసి చూస్తే నట్టు నిలువునా పగిలింది. అంగడోడు నాసిరకం మాలు అంటగట్టినాడు" అని. అంగడోని తప్పు ఉండొచ్చు, లేదనను. కానీ సగం తప్పు మనం దాన్ని పెట్టే చోటులోనే ఉందని నా అభిప్రాయం. ఎందుకో చెప్తా, ఓపిగ్గా చదవండి.

ఇది ఇప్పటి సంగతి కాదు. బ్రిటిషోళ్ళు మన దేశాన్ని ఏలే కాలంలో సైన్యం ఇత్తడి తూటాలను వానాకాలంలో గుర్రాల కొట్టాల్లో నిల్వ పెట్టేది. ఎవురూ పేల్చలేదు, ఎవురూ కొట్టలేదు. పెట్టెల్లో ఉన్నవి ఉన్నట్టే పగుళ్ళు ఇచ్చినాయి. వాన కాలంలోనే ఎక్కువ కాబట్టి దానికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు పెట్టినారు. అసలు కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్ అనే శాస్త్రవేత్తలు తమ పరిశోధనలో విడమరిచి చెప్పినారు. గుర్రాల ఉచ్చ నుంచి లేచే అమ్మోనియా, వాన తేమ, ఇత్తడి లోపల మిగిలిపోయిన లాగుడు. ఈ మూడూ కలిస్తేనే పగులు.

లోపలి లాగుడు అంటే మనకు వేరే చెప్పాల్నా? మన నల్లరేగడి చూడండి. ఎవురూ దున్నకపోయినా ఎండితే నెర్రెలు ఇస్తాది. పైకి చదునుగా కనబడినా లోపల మట్టి ఒకదాన్నొకటి లాగతా ఉంటాది. ఇత్తడీ అంతే. తూటా చేసే ఇత్తడిలో వందకు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. దాన్ని చల్లగా ఉండంగానే అచ్చులో వత్తి, సాగదీసి గొట్టం చేస్తారు. అట్లా వత్తిన కొద్దీ గట్టిపడతాది, లోపల లాగుడు మిగులుతాది. దాన్ని తీసేయడానికి ఫ్యాక్టరీలో 250 నుంచి 300 డిగ్రీల వేడిలో గంట సేపు అటూ ఇటూ ఉంచుతారు. మళ్ళీ మెత్తబరచాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాల.

ఇంకో సంగతి. మన కొలిమిలో కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడతాది. ఇత్తడిని అట్లా ముంచినా గట్టిపడదు, మెత్తగానే ఉంటాది. ఇనుము లెక్క వేరే, ఇత్తడి లెక్క వేరే.

ఇప్పుడు మన ఇండ్లకు రాండి. గుర్రాలు లేవు గానీ ఎనుములు ఉన్నాయి, యూరియా ఉంది, డీఏపీ ఉంది. యూరియా తేమ పీల్చి కరిగి, మట్టిలోని, పేడలోని సూక్ష్మజీవుల చేత పడితే అమ్మోనియా అవుతాది. డీఏపీలోనూ ఉండేది అమ్మోనియమే. మనం ఏం చేస్తాం? గన్ను, నాజిల్, గేటు వాల్వు ఖాళీ యూరియా సంచిలో చుట్టి, కొట్టంలో బస్తాల మీద పడేస్తాం. పైగా నట్టును పైపు రెంచీతో బలం కొద్దీ బిగించి ఉంటాం. ఆ బిగువే లాగుడు. ఇంక పగలక ఏమవుతాది? ఆ పగులు ఇంట్లో తెలీదు. పంపు ఒత్తిడి మీద ఉన్నప్పుడు గన్ను విడిపోతే పురుగుల మందు మొగం మీద పడేది మనకే, లేదా కూలికొచ్చిన మనిషికే. నేను ఇంత పొడుగ్గా రాసేది అందుకే.

చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. రెండు శాతం యూరియా గానీ డీఏపీ గానీ కొట్టిన రోజు గన్నులో మంచినీళ్ళు మూడుసార్లు పోనివ్వండి. నాజిల్ విప్పి, విదిలించి, ఎండలో తడి లేకుండా ఆరబెట్టండి. ఆరినాక పొడి గుడ్డలో చుట్టి, ఎరువులకు, కొట్టానికి దూరంగా, పిల్లలకు అందని చోట తగిలించండి. తినే సామాన్ల దగ్గర వద్దు. నట్టు కారకుండా ఉండేంత మటుకే బిగించండి. బిల్లు తీసుకోండి. సరిగ్గా పెట్టినా పగిలితే అప్పుడు అంగడోన్ని గట్టిగా అడగొచ్చు.

వేడి పెడితే లాగుడు పోతాదన్నాను గదా అని పాత గన్నును పొయ్యిలో పెట్టొద్దు. దాంట్లో అంటుకున్న మందు పొగై లేస్తాది. వేడి మరీ ఎక్కువైతే ఇత్తడిలోని జింకు పొగ వస్తాది, పీలిస్తే చలిజ్వరం మాదిరి పట్టుకుంటాది. పగిలిన నట్టు పాత ఇనుముకు వేసి కొత్తది తెచ్చుకోండి.

లైసెన్సు తుపాకీ ఉన్నోళ్ళకు ఒక మాట. తూటాలు తడిస్తే పొయ్యి దగ్గర, ఎండలో పెట్టి మళ్ళీ వాడొద్దు. లైసెన్సు ఉన్న డీలరును గానీ పోలీసులను గానీ అడిగి అప్పజెప్పండి. ఖాళీ గొట్టాలు కాల్చి మెత్తబరిచి మళ్ళీ మందు దట్టిస్తే ఖర్చు తగ్గుతాదని ఎవురన్నా చెప్తే వినొద్దు. గొట్టం అడుగు గట్టిగా ఉండాల. అది మెత్తబడితే పేలేటప్పుడు చీలి, మంట మన కంటి వైపే వస్తాది. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం కూడా.

సైన్యం అంతటిదాని తూటాలే కొట్టంలో పగిలినాయి. మనకు ఒక గుడ్డ, ఒక మేకు చాలు. ఈ రబీకి పంపు బయటికి తీసినప్పుడు ముందు నట్టు వెలుతురులో తిప్పి చూడండి. సన్న గీత కనబడినా ఆ పొద్దు మందు కొట్టొద్దు.