నొప్పి లేని పుండును నమ్మరాదు

పడుగులో ఒక్క పోగు తెగినను మగ్గము ఆపి, అతికిన పిదపనే నాడె వేయుదుము. నోటిలో పుండు లేచినప్పుడు మాత్రము నెలల తరబడి ఊరకుందుము. నొప్పి లేదు గదా యని మన సమాధానము. నోటి క్యాన్సరు తొలిదశలో తరచు నొప్పి లేకయే యుండుననుట మనవారు ముందుగా గ్రహింపవలెను.

మన యిండ్లలో పొగాకు పలు రూపముల నున్నది. షోలాపూరులో సున్నముతో నలిపిన తంబాకు, పండ్లకు రాచు మిశ్రీ. శ్రీకాకుళము, గంజాం వైపుల పెద్ద వయసు స్త్రీలలో కొందరికి నిప్పు కొస నోటిలో నుంచుకొను అడ్డపొగ. పొగాకు లేని వక్క నిరపాయమనుటయు సరికాదు. వక్కయు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2004లో ప్రకటించినది.

గుర్తులు ఇవి: మూడు వారములు దాటినను మానని పుండు, తుడిచినను పోని తెల్లమచ్చ, లేక ఎర్రమచ్చ, గట్టిపడిన గడ్డ, కారణము లేక కదలు పన్ను, మెడలో బిళ్ళ, మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టనంతగా నోరు బిగియుట. అడ్డపొగ త్రాగువారు అంగిలి కూడ చూపించుకొనవలెను. ఇవి యున్న ప్రతివారికిని క్యాన్సరే యని కాదు, తేల్చవలసినది డాక్టరు.

30 ఏండ్లు నిండినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో నోటి పరీక్ష చేయు ప్రభుత్వ పథకము కలదు. అనుమానమున్నచో అచట చీటీ వ్రాయించుకొని పెద్ద ఆసుపత్రికి పోయి, చిన్న ముక్క తీసి చేయు పరీక్ష చేయించుకొనవలెను. ముక్క తీసిన రోగము ముదురునను మాట వట్టిది. మలాములు పూయుచు కాలము గడుపుటవలననే ముదురును.

తిరువనంతపురము జిల్లాలో 1996 నుండి శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింట నోళ్ళు చూచి, అనుమానమున్నవారిని డాక్టర్లకడకు పంపిరి. పొగాకు, మద్యము అలవాటున్నవారిలో నోటి క్యాన్సరు మరణములు సుమారు మూడవవంతు తగ్గినట్లు 2005లో వెల్లడైనది.

అయితే చీటీ చేతి కిచ్చినంతమాత్రమున చాలదు. నేసినదానికే కూలి గలవాడు మగ్గము దిగిన ఆ దినపు కూలి పోవును. కావున వాయిదా వేయును. ఈ భారమును సంఘములే వహింపవలెనని నా అభిప్రాయము. నూలు పంచు దినమున ఆరోగ్య కార్యకర్తను పిలిపించవలెను. అనుమానమున్నవారికి తోడు పంపి, ఆ దినపు కూలి సంఘమే ఈయవలెను. ఫలితము తెలియువరకు విచారించుచుండవలెను. నిధి చాలదను వారు ఒక్క సంగతి ఆలోచింతురు గాక: ఒకనాటి కూలి ఎంత? రోగము ముదిరిన యింట మగ్గము ఎన్ని నెలలు ఆగును?

రాబోవు సర్వసభ్య సమావేశములలో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా కార్యవర్గములను కోరుచున్నాను.

— ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, షోలాపూరు