తండ్రి పేరు మోసే పిల్లాడికి గడువు ఒక్క ఏడాదేనా?

ఒక్క ఏడాది ఆట చూసి ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి "దండగ" అని కొట్టిపారేయడం తప్పు. ఆటపరంగా తప్పు, లెక్కపరంగా తప్పు, ఎదిగే పిల్లలున్న ఇంట్లో అయితే మరీ తప్పు. ఆ కుర్రాడు మార్విన్ హారిసన్ జూనియర్. అరిజోనా కార్డినల్స్ జట్టులో వైడ్ రిసీవర్. 2025 ఆగస్టులో 23 నిండాయి. 2025 ఎన్ఎఫ్ఎల్ సీజన్ అతనికి రెండోది.

"ఫుట్‌బాల్ గోల నీకెందుకు తల్లీ, కందిపొడి గురించి రాయరాదూ" అంటారేమో. డాలస్ పక్కన మా ఇంట్లో పదేళ్లుగా సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఆదివారాలన్నీ ఈ ఆటకే పోతున్నాయి. ఆ టీవీ ముందే ఉల్లిపాయలు తరిగాను, ఆ కేకల మధ్యే పిల్లల్ని నిద్రపుచ్చాను. పదేళ్లు చెవిన పడితే రాయికైనా వస్తుంది. కాబట్టి నాకూ నోరుంది.

తెలియని అక్కాచెల్లెళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, వైడ్ రిసీవర్ పరుగెత్తి పట్టుకుంటాడు. ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే పది పన్నెండు మంది స్నేహితులు తలా ఇంత డబ్బు వేసుకుని, సీజన్ ముందు ఒక చోట కూర్చుని, అసలు ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని కాగితం మీద జట్లు కట్టుకోవడం. అదే డ్రాఫ్ట్. ఆపైన ఆ ఆటగాళ్లు మైదానంలో ఏం చేస్తే వీళ్లకు ఆ పాయింట్లు. మావాళ్ల లీగులో క్యాచ్‌కి 1 పాయింటు, పది యార్డులకు 1, టచ్‌డౌన్‌కి 6. మొదటి రౌండులో ఎంచుకున్నవాడంటే మనం చీటీ పాడి కొన్న బంగారం లాంటివాడు. వాడు మెరవకపోతే "బస్ట్" అంటారు. మన భాషలో దండగ.

2024లో ఈ కుర్రాడు అలాంటి బంగారమే. ఒహాయో స్టేట్ కాలేజీలో ఆడుతూ 2023లో దేశంలోకెల్లా ఉత్తమ రిసీవర్‌కిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు గెలిచాడు. 2024 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్టులో నాలుగోవాడిగా ఎంపికయ్యాడు. అతని కంటే ముందు వెళ్లిన ముగ్గురూ క్వార్టర్‌బ్యాకులే. పైగా తండ్రి మార్విన్ హారిసన్ ఇండియనాపొలిస్ కోల్ట్స్‌కి ఆడిన దిగ్గజం, 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినవాడు. ఇంకేం, ఫాంటసీ జనం ఒక్క ఆటైనా ఆడని పిల్లాణ్ణి మొదటి రౌండులోనో, రెండో రౌండు మొదట్లోనో ఎగబడి తీసుకున్నారు.

మొదటి ఆటలో ఒకే క్యాచ్, 4 యార్డులు. అప్పుడే సణుగుడు మొదలు. రెండో ఆటలో రామ్స్ మీద 130 యార్డులు, 2 టచ్‌డౌన్లు. అప్పుడు "నే చెప్పలా!" అని గంతులు. మొత్తం 17 ఆటలు ముగిసేసరికి 62 క్యాచ్‌లు, 885 యార్డులు, 8 టచ్‌డౌన్లు. పై లెక్కన 198.5 పాయింట్లు. అదే ఏడాది వచ్చిన మలిక్ నేబర్స్ 109 క్యాచ్‌లతో 1,204 యార్డులు, బ్రయన్ థామస్ జూనియర్ 87 క్యాచ్‌లతో 1,282 యార్డులు చేశారు. అంతే, మన కుర్రాడి మీద ముద్ర పడిపోయింది. "తండ్రి పేరు చెడగొట్టాడు" అన్నారు.

ఆ మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. తండ్రితో పోలుస్తారా? సరే, పోలుద్దాం. కానీ దేన్ని దేనితో?

కొత్త కోడలు మొదటి ఏడాది పెట్టిన చేపల పులుసుని, నలభై ఏళ్లుగా పెడుతున్న అత్తగారి పులుసుతో పోటీకి పెట్టి "మీ అత్తగారి చెయ్యి నీకెక్కడ వస్తుందిలే" అంటే ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా? పోల్చాలంటే అత్తగారు ఆ ఇంట అడుగుపెట్టిన మొదటి ఏడాది పులుసుతో పోల్చాలి. ఆ పులుసు రుచి ఎవరికీ గుర్తుండదు. ఆటలో మాత్రం ప్రతి అంకె రాసిపెట్టి ఉంటుంది. చూసే ఓపికే కావాలి.

తండ్రి హారిసన్ మొదటి ఏడాది 1996. 64 క్యాచ్‌లు, 836 యార్డులు, 8 టచ్‌డౌన్లు. మళ్లీ ఒకసారి చదవండి. కొడుకువి 62, 885, 8. తండ్రి ఆడినవి 16 ఆటలు, కొడుకు ఆడినవి 17. ఆటకి సగటున ఎన్ని యార్డులో భాగించి చూశాను. తండ్రికి 52, కొడుక్కి 52. దశాంశంలో వెంట్రుకవాసి తేడా. అచ్చుగుద్దినట్టు తండ్రి పోలికే! పేరు చెడగొట్టింది ఎక్కడ?

ఇంకొంచెం ముందుకెళ్దాం. 1997లో, అంటే రెండో ఏడాది, తండ్రివి 73 క్యాచ్‌లు, 866 యార్డులు, 6 టచ్‌డౌన్లు. ఇవాళ్టి పాయింట్లలో వేస్తే మొదటి ఏడాది 195.6, రెండో ఏడాదీ 195.6. ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. మూడో ఏడాది 776 యార్డులతో ఇంకాస్త తగ్గాడు. మన డ్రాయింగ్ రూమ్ పండితులు అప్పుడుండి ఉంటే ఆయన్ని మూడుసార్లు దండగ కింద కొట్టేసేవారు. నాలుగో ఏడాది, 1999లో, 115 క్యాచ్‌లు, 1,663 యార్డులు, 12 టచ్‌డౌన్లు. 353 పాయింట్లు! 2002లో అయితే 143 క్యాచ్‌లు. ఆ రికార్డు 2019 దాకా చెక్కుచెదరలేదు.

మధ్యలో ఏం మారింది? 1998లో పేటన్ మానింగ్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు. ఇద్దరూ కుదురుకోవడానికి ఒక ఏడాది పట్టింది. ఆ తర్వాత పండింది. పట్టేవాడెంత గొప్పవాడైనా విసిరేవాడు కలిసి రావాలి. కాపురం చేసేవాళ్లకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక అవతలివాళ్ల వాదనలకు వద్దాం. "తండ్రి కాలం వేరు, ఇప్పుడు బంతి విసరడం ఎక్కువ. మరి నేబర్స్ ఎలా చేశాడు?" అంటారు. మంచి ప్రశ్నే. నేబర్స్ వైపు వాళ్ల జట్టు 170 సార్లు బంతి విసిరింది. హారిసన్ వైపు విసిరింది 116 సార్లు. అరిజోనాలో ట్రే మెక్‌బ్రైడ్ అనే టైట్ ఎండ్ ఉన్నాడు, 2024లో 111 క్యాచ్‌లు అతనివే. పెద్ద గరిటె ఒకరి చేతిలో ఉంటే రెండోవాళ్ల కంచంలో పడేది తక్కువే. పడిన కాస్తలోనే హారిసన్ క్యాచ్‌కి 14 యార్డుల పైన లాగాడు. నేబర్స్‌కి వచ్చింది 11.

అలాగని అతనిలో లోపం లేదని నేను అనను. 116 సార్లు బంతి వస్తే 62 పట్టాడు, సగానికి కాస్త పైన. అది తక్కువే. క్వార్టర్‌బ్యాక్‌తో ఆ పొత్తు కుదరాలి. మెక్‌బ్రైడ్ వాటా రాత్రికి రాత్రి తగ్గిపోదు. కాబట్టి 2024లో లాగా మొదటి రౌండులో తీసుకోమని చెప్పను. కానీ 2025లో అతని ధర మూడో రౌండు దగ్గరికి పడిపోయింది. ఇంటి బడ్జెట్ నడిపే మనిషిగా చెప్తున్నాను, ఆ ధరకు ఇది మంచి బేరం. 116కి బదులు 135 సార్లు బంతి వచ్చిందనుకోండి. అదే తీరున ఆడినా 72 క్యాచ్‌లు, 1,030 యార్డులు అవుతాయి. టచ్‌డౌన్లు అవే 8 అనుకున్నా 223 పాయింట్లు. కొంచెం మెరుగైతే ఇంకా పైకి. రెండో రిసీవర్‌గా పెట్టుకుంటే నష్టమేముంది?

రెండో ఏడాది ఎదిగినవాడు కావాలా? ఇతనితో ఒహాయో స్టేట్‌లో కలిసి ఆడిన జాక్సన్ స్మిత్-ఎన్జిగ్బానే చూడండి. 2023లో మొదటి ఏడాది 628 యార్డులు. 2024లో సరిగ్గా 100 క్యాచ్‌లు, 1,130 యార్డులు. రెండో ఏడాదీ ఎదగనివాడు కావాలా? దవాంటే ఆడమ్స్ మొదటి ఏడాది 446, రెండో ఏడాది 483 యార్డులు, ఒకే టచ్‌డౌన్. మూడో ఏడాది 997 యార్డులు, 12 టచ్‌డౌన్లు. మొదటి ఏడాదే వెలిగి ఆరిపోయినవాడు కావాలా? మైకేల్ క్లేటన్ 2004లో 1,193 యార్డులు చేసి, మరుసటి ఏడాది 372 దగ్గర ఆగాడు. మొదటి ఏడాది మొత్తం జాతకం చెప్పదు. మంచికీ చెప్పదు, చెడుకీ చెప్పదు.

"నాలుగేళ్లకు 35 మిలియన్ డాలర్లు తీసుకుంటున్నాడు, ఆ మాత్రం మాటలు పడాలి" అనేది ఇంకో వాదన. జీతం ఇచ్చేది జట్టు. అడిగే హక్కు కోచ్‌ది. వంద డాలర్ల పందెం వేసినవాళ్లకు కాదు. పందెం ఓడిన కోపంలో ఆటగాళ్లకే నేరుగా బూతు మెసేజీలు పంపేవాళ్లున్నారని ఈ దేశపు వార్తల్లో ఎన్నోసార్లు వచ్చింది. మావాళ్లు అంత దూరం వెళ్లరు. కానీ ఆ దారి మొదలయ్యేది మన సోఫాల మీదే, "ఈ దండగమారివాణ్ణి తీసుకుని మునిగాను" అనే మాటతోనే.

ఆ మాట ఎవరు వింటున్నారో కూడా చూడాలి కదా. మావారికి పాయింట్ల పట్టిక రాసిపెట్టేది మావాడే. ఈ నెలలోనే పదో తరగతిలో చేరాడు. ఇక్కడ హైస్కూలు రెండో ఏడాదిని సోఫమోర్ అంటారు, రెండో సీజన్ ఆటగాణ్ణీ అదే మాటతో పిలుస్తారు. నిరుడు వాడికి మూడు బి గ్రేడులు వచ్చాయి. వచ్చినవాళ్లంతా "మీ నాన్నది ఎంసెట్‌లో మూడంకెల ర్యాంకురా" అని గుర్తు చేసి వెళ్లారు. "తండ్రి పేరు చెడగొట్టాడు" అని టీవీ ముందు ఒక అన్నయ్యగారు అన్న రాత్రి, గిన్నెలు సర్దుతుంటే వాడు నెమ్మదిగా అడిగాడు: "అమ్మా, తొమ్మిదో తరగతిలో నాన్నకి ఎన్ని మార్కులొచ్చాయి?"

నాకు తెలియదు. అత్తయ్యగారికి ఫోన్ చేశాను. "వాడా? అర్ధసంవత్సరం పరీక్షలో హిందీ తప్పాడమ్మా, మీ మామయ్యగారికి చెప్పకుండా నేనే సంతకం పెట్టాను" అన్నారావిడ నవ్వుతూ. మావారు వారం రోజులు ఆ ఊసెత్తనివ్వలేదు. మావాడు మాత్రం ఆ వారమంతా నిటారుగా నడిచాడు.

అందుకే అంటున్నాను. మగవాళ్ల ఆట కదా, మనకెందుకులే అని వంటింట్లోకి వెళ్లిపోకండి. మన హాల్లో, మన పిల్లల ముందు పడే మాటలవి. మొన్న బుధవారం చవితి ఉండ్రాళ్లు అయిపోయాయి, ఈ ఆదివారం చాలా ఇళ్లల్లో డ్రాఫ్టులు. టీలు అందిస్తూ మీరూ కూర్చోండి. ఎవరైనా "ఆ హారిసన్ కొడుకా, దండగ" అంటే, "1996లో వాళ్ల నాన్న ఎన్ని యార్డులు చేశాడండీ?" అని అడగండి. జవాబు రాకపోతే మీరే చెప్పండి, 836 అని. ఈ ఏడాది అతను వెయ్యి యార్డులు దాటినా, దాటకపోయినా ఆ లెక్క మారదు. ఒక మనిషి మొదటి ఏడాదిని ఇంకొకరి ఉత్తమ సంవత్సరంతో తూచే తక్కెడ దొంగ తక్కెడ. అది మన ఇంట్లో ఉండకూడదు.