ధర మనమే చెప్పాలి

పోస్ట్ కొంచెం పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన హాస్టళ్లకి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు చెప్పడానికి వచ్చే సార్లందరిదీ ఒకటే మాట. సిగ్గు వదిలెయ్యండి, స్టేజీ ఎక్కండి, గట్టిగా మాట్లాడండి, అప్పుడే పైకొస్తారు అని. ఈ మాట నేను ఒప్పుకోను. మాట తక్కువ ఉన్నవాళ్లు పుస్తకం రాయలేరా, సరుకు అమ్ముకోలేరా?

నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది నేనే మొదలు. అటెండెన్స్‌లో పేరు పిలిస్తే పలకడానికే నాకు గొంతు పెగలదు. అయినా మా అవ్వ కువిలో చెప్పిన 11 కథల్ని తెలుగు లిపిలో రాసి, పక్కన అర్థం పెట్టి, 32 పేజీల పుస్తకం వేశాను. దాంతోపాటు అమ్మ ఊరి నుంచి పంపే పసుపు ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నాను.

రాయడం కష్టం కాలేదు. "ఎంతమ్మా?" అని అడిగినప్పుడే కష్టం. 100 కాపీలకి 3,200 అయింది, అంటే ఒక్కోటి 32 రూపాయలు. వెనక అట్ట మీద 50 అని అచ్చు వేయించాను. అయినా ఒక లెక్చరర్ గారు పుస్తకం చేతిలోకి తీసుకుని అడిగేసరికి "మీ ఇష్టం సార్" అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట మింగేసి, అట్ట తిప్పి చూపించాను. యాభై ఇచ్చి తీసుకున్నారు.

ఈ "మీ ఇష్టం" నాకు ఎక్కడి నుంచి వచ్చిందా అని చాలా రోజులు ఆలోచించాను. సంతకి వెళ్లి చూడండి. చింతపండు, పిప్పళ్లు, అడ్డాకులు తెచ్చేది మనం, ధర చెప్పేది షావుకారు. తూకం కూడా ఆయనదే. మన అమ్మలు గంప దించి, ఆయన ఏమంటాడో అని మొహం చూస్తూ నిలబడతారు. దళారుల నుంచి మనల్ని కాపాడాలనే 1956లో జీసీసీ పెట్టారు, మంచిదే. కానీ అక్కడా రేటు పైనుంచే వస్తుంది. తరాలుగా మనం ధర వినడమే గానీ చెప్పింది తక్కువ. అలాంటి ఇంటి పిల్ల తను రాసినదానికి యాభై అనాలంటే నోరు ఎండిపోదా? దానికి కాన్ఫిడెన్స్ లేకపోవడం అని పేరు పెట్టి, తప్పంతా మన స్వభావం మీదకి నెట్టేస్తే ఎలా?

నేను గొంతు పెంచలేదు. అట్టముక్క మీద రాసి పెట్టాను: కథల పుస్తకం 50, పసుపు పావుకిలో 60, బేరం లేదు. పక్కన ఫోన్‌పే స్కానర్. హాస్టల్ అమ్మాయిలు చదువుకుని, డబ్బు వేసి తీసుకెళ్తున్నారు. నేను నవ్వితే చాలు.

"పబ్లిషర్ లేకుండా సొంతంగా వేసుకున్నది కూడా పుస్తకమేనా?" అని ఒకరిద్దరు అన్నారు. తెలుగులో ఇది కొత్తేం కాదు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి గారు ఇళ్లలో వంట చేసి, హోటల్లో పనిచేసి బతికిన మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుని ఊరూరా అమ్మారు. (ఆయన నాలాగా నోరులేని మనిషి కాదులెండి.) ఇంకో సంగతి, ఐఎస్‌బీఎన్ నంబర్ మన దేశంలో ఉచితం. రచయిత సొంతంగానే అప్లై చేయొచ్చు, దానికోసం మధ్యవాళ్లకి డబ్బులు ఇవ్వకండి. పిన్ బైండింగ్ అయితే పేజీలు నాలుగుతో భాగించేలా చూసుకోండి, లేకపోతే ఖాళీ పేజీలు మిగులుతాయి.

ఒక అనుమానం మాత్రం నాకు ఉండాలనే అనుకుంటున్నా. కువి మాటలు సరిగ్గా రాశానా అన్నది. అచ్చుకి ముందు అవ్వకి ఫోన్‌లో అన్నీ చదివి వినిపించాను. రెండు చోట్ల ఆపి వేరే మాట చెప్పింది, అవే వేశాను. కానీ పిట్టల పేర్లు ఊరు ఊరికీ మారతాయి కదా. కువి తెలిసిన అన్నలు, అక్కలు మీ ఊళ్లో ఏమంటారో కింద రాయండి, రెండోసారి వేసేటప్పుడు అవి కూడా చేరుస్తాను.

ఇంకా 23 కాపీలు ఉన్నాయి. ఒక్కోటి 50. సాయంత్రం ఆరు దాటాక అడగండి, పగలు క్లాసులుంటాయి.