ఇంటి సాయం వయసుకా? అవసరానికా?

మారేడ్‌పల్లిలో పక్కపక్క ఇళ్లలో ఇద్దరు రైల్వే పెన్షనర్లు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ 82 ఏళ్లే. ఒకాయన పొద్దున్నే వెళ్లి పాల ప్యాకెట్ తెచ్చుకుంటారు. రెండో ఆయన పక్షవాతంతో మంచం దిగలేరు. 80 నిండిన కేంద్ర పెన్షనర్లకు మూల పెన్షన్‌పై అదనంగా వచ్చే 20 శాతం మాత్రం ఇద్దరికీ ఒకటే.

మన పథకాలు చాలావరకు ఇలాగే వయసునో, ఆదాయాన్నో చూస్తాయి. 70 దాటిన వారికి కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కింద ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం అందుతుంది. అయితే అది ఆస్పత్రిలో చేరితేనే. మేం రాసే డిశ్చార్జి కాగితంలో మందులన్నీ ఉంటాయి. రెండు గంటలకోసారి ఆయన్ను పక్కకు తిప్పేదెవరో ఉండదు. ఆ భారం ఎక్కువగా భార్య మీదో, ఉద్యోగం మానుకున్న కోడలి మీదో పడుతుంది. లేదంటే నెలనెలా అటెండెంట్ జీతం కట్టాలి.

జపాన్‌లో 2000 నుంచి దీర్ఘకాలిక సంరక్షణ బీమా ఉంది. దరఖాస్తు చేస్తే ఇంటికొచ్చి 74 అంశాలు పరిశీలిస్తారు. డాక్టర్ అభిప్రాయం కూడా తీసుకుని ఏడు స్థాయుల్లో ఒకటి నిర్ణయిస్తారు. సాయం ఎంతన్నది ఆ స్థాయిని బట్టే ఉంటుంది.

మనకూ పునాది లేకపోలేదు. మంచానపడ్డ వృద్ధుల ఇళ్లకు ఆరోగ్య సిబ్బంది వెళ్లాలని 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం చెబుతోంది. తెలంగాణలో పాలియేటివ్ కేర్ కోసం ‘ఆలన’ వాహనాలు వచ్చాయి. కొరవడింది అవసరాన్ని కొలిచి, ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చే పద్ధతి.

కొలవడం కష్టం కాదు. వైద్యులు వాడే బార్తెల్ సూచికలో పదే అంశాలు: తినడం, స్నానం, ముఖం కడుక్కుని తల దువ్వుకోవడం, దుస్తులు, మల నియంత్రణ, మూత్ర నియంత్రణ, టాయిలెట్ వాడకం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, నడక, మెట్లెక్కడం. మొత్తం 100 మార్కులు. తక్కువ వస్తే ఎక్కువ సాయం కావాలి.

డిశ్చార్జికి ముందే ఈ స్కోరు అడిగి రాయించుకోండి. స్నానానికే సాయం కావాలంటే పొద్దున రెండు గంటల మనిషి చాలు. పక్కకు తిరగలేని వారికి రాత్రిపూటా మనిషి ఉండాలి. ప్రభుత్వ సేవల గురించి వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. ప్రతి డిశ్చార్జి కాగితం మీదా ఈ అంకె ఉంటే, ముందు ఏ తలుపు తట్టాలో ప్రభుత్వానికీ తెలుస్తుంది.