వోచరు ఉన్న ఉత్తరాలు

ఎల్లుండి నా కుడికంటికి శుక్లం ఆపరేషన్. నెల తర్వాత ఎడమకంటికి. ఈ రెండు నెలలూ ఏమీ రాయను. చదవడం కూడా బాగా తగ్గిస్తాను. సెలవు తీసుకునే ముందు ఒక పని మిగిలింది. నాకు వచ్చే మెయిలు పత్రికల్లో వేటిని ఉంచుకున్నానో, ఎందుకు ఉంచుకున్నానో చెప్పాలి. నచ్చితే మీరూ తెప్పించుకోండి.

విశ్రాంతి వేళ చదువు ఏమిటని మా ఆవిడ అడిగింది. ఫోను తెర ఎంత పైకి తోసినా దానికి చివర ఉండదు. ఉత్తరానికి ఉంటుంది. చదివేసి కళ్లు మూసుకోవచ్చు.

మొన్న లెక్క చూస్తే నాకు నలభైకి పైగా ఇలాంటి పత్రికలు వస్తున్నాయి. నా ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కల్లో గడిచింది. బిల్లు బల్ల మీదికి రాగానే మొదటి ప్రశ్న, వోచరు ఉందా? రెండోది, ఇంతకు ముందు చేసిన తప్పుకు సవరణ పద్దు వేశారా? ఈ రెండు ప్రశ్నలే పత్రికలకూ వేశాను. హేతువాదం పేరుతో వచ్చేవాటిలో కూడా కొన్ని ఎగిరిపోయాయి. వాటిలో వెక్కిరింత ఉంది, ఆధారం లేదు. మిగిలినవాటిలో మూడింటి గురించి చెబుతాను.

మొదటిది కన్జ్యూమర్ హెల్త్ డైజెస్ట్. అమెరికాలో స్టీఫెన్ బారెట్ అనే మానసిక వైద్యుడు నకిలీ వైద్యాల మీద క్వాక్‌వాచ్ అనే సంస్థను నడిపారు. 2020లో అది సెంటర్ ఫర్ ఇంక్వైరీలో భాగమైంది. ఈ వారపత్రిక ఆ సంస్థదే. ఏ మందుల కంపెనీ అబద్ధపు ప్రకటన మీద ప్రభుత్వం చర్య తీసుకుంది, ఏ డాక్టరు లైసెన్సు పోయింది, కొత్త పరిశోధన ఏం తేల్చింది, ఇలాంటివి నాలుగైదు ఉంటాయి. ప్రతిదాని కింద మూలపత్రం చిరునామా ఉంటుంది. వార్తలు ఎక్కువగా అమెరికావే. అయితే మోసం పద్ధతి మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

రెండోది రిట్రాక్షన్ వాచ్. 2010 ఆగస్టులో ఐవన్ ఒరాన్‌స్కీ, ఆడమ్ మార్కస్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. సైన్సు పత్రికలు వెనక్కి తీసుకున్న పరిశోధనా పత్రాల చిట్టా ఇది. నా భాషలో చెప్పాలంటే సైన్సు లెడ్జరులో పడ్డ సవరణ పద్దులు. 2023 ఒక్క ఏడాదిలోనే పదివేలకు పైగా పత్రాలు ఇలా రద్దయ్యాయి. చూశారా, సైన్సు కూడా మోసమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తప్పును బహిరంగంగా కొట్టేసే ఖాతానే నమ్మదగ్గ ఖాతా. ఇన్ని వందల ఏళ్లలో జ్యోతిషం రద్దు చేసుకున్న సూత్రం ఒక్కటి చూపించమనండి.

ఈ పత్రిక నాకూ ఒక పాఠం చెప్పింది. 2020 మే 22న లాన్సెట్‌లో ఒక పత్రం వచ్చింది. కరోనా రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే మరణాలు పెరుగుతున్నాయని దాని సారాంశం. ఆ మందును నెత్తిన పెట్టుకున్నవాళ్ల మీద నాకు చిరాకుగా ఉండేది కాబట్టి సంబరపడి పదిమందికి పంపాను. రెండు వారాలు తిరక్కముందే, జూన్ 4న, అది రద్దయింది. సర్జిస్ఫియర్ అనే కంపెనీ ఇచ్చిన లెక్కలను సరిచూడటానికి అసలు రికార్డులు బయటపెట్టలేదు. ఆ మర్నాడే బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష వాళ్లు ఆసుపత్రిలో చేరిన రోగులకు ఆ మందువల్ల ప్రయోజనం కనిపించలేదని ప్రకటించారు. నా అభిప్రాయం నిలబడింది గానీ నేను పాస్ చేసిన బిల్లు మాత్రం చెల్లనిదే. మన పక్షం బిల్లు అయినా సరే, వోచరు అడగాల్సిందే. ఆ పదిమందికీ సవరణ పంపాను.

మూడోది ప్రోమెడ్. ప్రపంచంలో ఎక్కడ కొత్త అంటురోగం కనిపించినా మెయిలులో కబురు పంపే సంస్థ. ఇది 1994 ఆగస్టులో మొదలైంది. ఆ మరుసటి నెలలోనే మా సూరత్‌లో ప్లేగు వార్త పుట్టింది. లక్షల మంది రైళ్లు, బస్సులు పట్టుకుని ఊరు వదిలారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. శవాల గుట్టలంటూ పుకార్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దేశం మొత్తం మీద అనుమానిత కేసులు 693, మరణాలు 56. చిన్న విషయం కాదు గానీ, పుకార్లలోని అంకెలకూ దీనికీ పొంతన లేదు. అప్పుడు సామాన్యుడికి మెయిలు లేదు, నమ్మదగిన ఉత్తరమూ లేదు. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు ఊరి చెత్త ఎత్తించారు. పుకార్లను ఎత్తే కమిషనరు మాత్రం ఇంకా రాలేదు.

వూహాన్‌లో కారణం తెలియని న్యుమోనియా ఉందని ప్రోమెడ్ 2019 డిసెంబరు 30నే కబురు పంపింది. ఆ కబురు రూపం గమనించాలి. ఫలానా చోటి నుంచి ఇలా తెలిసింది, నిర్ధారణ కాలేదు, వివరాలు తెలిసినవాళ్లు చెప్పండి అని. తెలిసినదీ తెలియనిదీ వేర్వేరు గడుల్లో రాయడమంటే ఇదే.

ఇంతకీ నేను చెప్పదలచుకున్న అసలు విషయం వేరు. సూరత్ లింబాయత్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. సాంచల పనికి తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలీలు. వాళ్లలో నాకు తెలిసిన ఒకాయనకు గ్లకోమా. డాక్టరు రాసిన చుక్కలు మానేసి, వాట్సాప్‌లో వచ్చిన ఏదో రసం ఎనిమిది నెలలు కంట్లో వేసుకున్నాడు. శుక్లమైతే కటకం మార్చి చూపు తెప్పించవచ్చు. గ్లకోమాలో కంటినరం దెబ్బతింటుంది, పోయిన చూపు తిరిగి రాదు. ఆయనకు ఒక కన్ను దాదాపు పోయింది. నేను మందలించబోతే ఆయన అన్నమాట ఇది: "సార్, మీరు చదివేదంతా ఇంగ్లీషుల ఉంటది. నాకు తెలుగుల వచ్చింది అదొక్కటే."

నా దగ్గర జవాబు లేకపోయింది. పైన చెప్పిన మూడూ ఇంగ్లీషువే. అబద్ధం తెలుగులో వస్తోంది, దాని ఖండన ఇంగ్లీషులో ఆగిపోతోంది. హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ లాంటివాళ్లు తెలుగులో నిజనిర్ధారణ చేస్తున్నారు, మంచిదే. కానీ వాళ్ల దగ్గరికి మనం వెళ్లి వెతుక్కోవాలి. అబద్ధం అలా కాదు, ఇంటికే వస్తుంది.

ఇది పెద్ద సంస్థలు చేయాల్సిన పని అని నేననుకోను. మా సూరత్‌లోనే ఉత్తమ్ గజ్జర్ అనే ఆయన సండే ఈ-మహెఫిల్ పేరుతో మంచి గుజరాతీ రచనలను ఏళ్ల తరబడి మెయిలులో ప్రపంచమంతా పంపారు. అమెరికాలో భౌతికశాస్త్రవేత్త బాబ్ పార్క్ ప్రతి శుక్రవారం ఒక పేజీ ఉత్తరంతో నకిలీ సైన్సును ఏళ్లపాటు ఎండగట్టాడు. 2020లో ఆయన పోయారు. ఒంటిమనిషి ఉత్తరానికి ఉన్న చిక్కు అదే, మనిషితోపాటు ఆగిపోతుంది. కాబట్టి నలుగురైదుగురు కలిసి చేయాలి.

నా ప్రతిపాదన ఇది. వారానికి ఒక్క పేజీ, తెలుగులో, పెద్ద అక్షరాలతో. మూడే విషయాలు, ప్రతిదానికీ ఆధారం. అన్నిటికన్నా పైన, పోయినవారం మనం చేసిన తప్పుకు సవరణ. లింబాయత్‌లో మెయిలు ఎవరు చూస్తారని అడుగుతారేమో. చూడరు. అదే పేజీ వాట్సాప్‌లో పంపుదాం, అబద్ధం వెళ్లే దారిలోనే. రాయగలిగినవాళ్లు, వైద్యం తెలిసినవాళ్లు ఈ రెండు నెలల్లో ఆలోచించి ఉంచండి. కట్లు విప్పగానే పని మొదలుపెడదాం. మొదటి సంచిక కళ్ల గురించే. దాన్ని ముందుగా ఆ పద్మశాలీ పెద్దాయనకు చదివి వినిపిస్తాను. ఆయనకు అర్థమైతేనే మిగతావాళ్లకు పంపుదాం.