ఉప్పును, బిడ్డల బుద్ధియును

పాఠము రాని పిల్లవానిని “మొద్దు” అనుట బడిలోను, ఇంటిలోను అలవాటైపోయినది. ఇరువదేండ్లుగా తెలుగు చెప్పుచున్న నేనును ఆ మాట పలుమారులంటిని. నేడు సిగ్గుపడుచున్నాను. ఏలయన, బుద్ధిమాంద్యమునకు గల కారణములలో నొకటి, బిడ్డ పుట్టకముందే మన వంటయింటి ఉప్పుజాడీలో నుండవచ్చును.

మన మెడయందు థైరాయిడు అను గ్రంథి కలదు. అది అయోడినును గ్రహించి థైరాక్సిను అను రసమును చేయును. గర్భస్థశిశువు మెదడు పెరుగుటకు ఈ రసము అత్యవసరము. తొలి మూడు నెలలు శిశువు దానిని స్వయముగా చేసికొనజాలదు. తల్లి యిచ్చినదే దిక్కు. తల్లికి అయోడిను మిక్కిలి కొరవడినచో గర్భస్రావము, బిడ్డకు చెవుడు, మూగతనము, బుద్ధిమాంద్యము సంభవింపవచ్చును. ఆ నష్టము పిమ్మట పూర్తిగా తీరునది కాదు. ఇంతకు గర్భవతికి దినమునకు కావలసినది 250 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో నాలుగువేలవ వంతు మాత్రమే!

మన పర్లాకిమిడికి పొరుగుననున్న శ్రీకాకుళమున 1921లో జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారి కృషి యిచట స్మరణీయము. వారును, వారి సహచరులును 1956లో హిమాలయ ప్రాంతమగు కాంగ్రా లోయయందు పరిశోధన ప్రారంభించిరి. గ్రామములను మూడు మండలములుగా విభజించి, రెండింటికి అయోడిను కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును ఇచ్చిరి. అయోడిను ఉప్పు తిన్నచోట గలగండము, అనగా మెడవాపు, బాగుగా తగ్గెను. 1962లో దేశమంతటికి గలగండ నివారణ కార్యక్రమ మారంభమైనది.

“సముద్రము దాపున నున్నవారము, మనకేమి కొరత?” అని కొందరందురు. ఇది పొరపాటు. ఎండకు ఆరిన సముద్రపుటుప్పులో అయోడిను మిగులునది అత్యల్పము. ఊరగాయలకని తెచ్చిన గళ్ళుప్పునే కూరలకును వాడు ఇండ్లు మనలో లేకపోలేదు. అయోడిను లేని ఉప్పును తినుటకు అమ్మరాదను నిషేధము 2006లో వచ్చినది. అయినను చూచి కొనవలసినవారము మనమే.

విద్యార్థులారా! అంగడి పొట్లముపై ఒడియాలోనో, ఇంగ్లీషులోనో యుండు అక్షరములను మీ తల్లులందరును చదువలేరు. మూడు భాషలు నేర్చుచున్న మీరు చదివి వినిపింపుడు. తల్లిదండ్రులారా! ఉప్పు ఎక్కువ తినవలదు. తిను ఉప్పును మార్చిన చాలును. దానిని మూతగల పాత్రలో తేమ తగులకుండ నుంచుడు. కోడలు నీళ్ళాడువేళ వరకు ఆగక, కాపురమునకు వచ్చిననాటినుండియే ఈ జాగ్రత్త వహింపుడు.

చదువు రానివారందరికిని అయోడినే కారణమని నా మతము కాదు. ఆకలియు, అనారోగ్యమును, మా బోధనలోని లోపములును కారణములే. కాని కొద్దిపాటి ఖర్చుతో తొలగింపగల కారణమును తొలగింపక, బిడ్డను “మొద్దు” అనుట అన్యాయము. ఆ మాట ఇకపై నా తరగతిలో వినబడదు. మీ యిండ్లలోను వినబడకుండుగాక!